వదిన చూడని ఆట

మంగళవారం ఉదయం ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన లేవట్లేదురా" అన్నాడు. అమెరికాలో మేముండే కమ్మింగ్ ఊళ్లో మా రెండిళ్లూ దగ్గరే. నేను వెళ్లేసరికి అంబులెన్స్ వాళ్లు చేయవలసిందంతా చేసి సామాన్లు సర్దుకుంటున్నారు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

వదిన నిలకడగా కూర్చోవడం తెలియని మనిషి. మా అబ్బాయి హైస్కూల్లో ఇక్కడివాళ్లు చేత్తో విసిరి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ మొదలుపెట్టినప్పుడు ఇంట్లో ఎవరికీ ఆ ఆట తెలియదు. వదిన వాణ్ని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, స్పూన్లూ గ్లాసులూ పేర్పించి నేర్చుకుంది. వాడు క్వార్టర్‌బ్యాక్. బంతి అందుకుని, మీదికి దూకేవాళ్లను తప్పించుకుంటూ, ఎవరికి విసరాలో రెండు మూడు క్షణాల్లో తేల్చుకోవాలి. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ వదిన కంచె వెంట అటూ ఇటూ తిరిగేది. ఉడకబెట్టిన పల్లీలు డబ్బాలో తెచ్చి, పక్కన ఎవరుంటే వాళ్ల చేతిలో పోసేది. మా ఊళ్లో ఆ మ్యాచ్‌లకు వచ్చి ఉంటే మీరూ తినే ఉంటారు.

కాలేజీకి వెళ్లాక వాడి ఆట దెబ్బతింది. భయం వేస్తే చూడకుండా గుంపులోకి విసిరేవాడు. బంతి అవతలివాళ్లకు చిక్కేది. సొంత కాలేజీ జనమే గేలి చేశారు. కోచ్ పక్కన కూర్చోబెట్టాడు. అప్పుడు వేరే రాష్ట్రంలో ఓ చిన్న కాలేజీ టీమ్ రమ్మంది. నేను మాత్రం ఆట మానేసి చదువు చూసుకోమన్నాను.

"మానెయ్యమనడానికి మనమెవరమయ్యా? వాడే అలిసిపోయి మానేస్తే అది వేరు" అంది వదిన.

వాడు ఆమెనే అడిగాడు. "పెద్దమ్మా, న్యూ టీమ్‌కి వెళ్తే నేను బెటర్ అవుతానా? ట్రూత్ చెప్పు."

"తెలీదురా నాన్నా. చొక్కా మారినంత మాత్రాన చెయ్యి మారదు. కానీ నిన్ను చూడకముందే మొహం తిప్పేసేవాళ్లు అక్కడ ఉండరుగా. వెళ్లి చూడు."

నాకైతే అందులో ధైర్యం చెప్పినట్టే అనిపించలేదు. వాడికి చాలింది. వెళ్లాడు. అక్కడా చాలా వారాలు బెంచీ మీదే. వదిన వాడికి ఫోన్ చేసి ఆట తప్ప అన్నీ అడిగేది. పెట్టేశాక నాకు చేసి, "వాడి గొంతు ఎలా ఉంది నీకు?" అనేది. వాడు ఓడుతున్నప్పుడు కూడా తల తిప్పుకోకుండా చూసిన మనిషి మా ఇంట్లో ఆమె ఒక్కతే. ఆమెకు ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నా ఆ రుణం తీరదు.

శనివారం మ్యాచ్‌లో నువ్వే ఆడాలని కోచ్ వాడికి సోమవారం చెప్పాడట. వదిన వెంటనే ఫ్లైట్ బుక్ చేసింది. తెల్లారేసరికి లేదు.

గురువారం దహనానికి వాడు వచ్చాడు. "ఉండనా పెదనాన్నా? మ్యాచ్ వదిలేస్తాను" అన్నాడు.

"ఇక్కడ కూర్చుని ఏం చేస్తావురా, వెళ్లు" అన్నాడు అన్నయ్య.

శనివారం మధ్యాహ్నం అన్నయ్యా నేనూ వాళ్ల హాల్లో లాప్‌టాప్‌లో మ్యాచ్ పెట్టుకున్నాం. మొదట్లోనే వాడి బంతి అవతలివాళ్లకు చిక్కింది. కోచ్ తీసేస్తాడనుకున్నాను, తీయలేదు. కాసేపటికి ముగ్గురు మీదికొచ్చారు. వాడు పక్కకు పరుగెత్తి బంతిని గీత అవతలికి విసిరేశాడు.

"అదేంట్రా, అక్కడ ఎవరూ లేరుగా?" అన్నాడు అన్నయ్య.

"కావాలనే అన్నయ్యా. గీత దాటితే అవతలివాళ్లకు చిక్కదు. ఇదివరకైతే గుంపులోకి కొట్టేవాడు."

"అంటే బాగుపడ్డట్టేనా?"

చివర్లో ఒక మంచి త్రో పడింది. అయినా ఓడిపోయారు. వచ్చేవారం వాణ్ని ఆడిస్తారో లేదో తెలియదు.

లాప్‌టాప్ మూయబోతే అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీరా" అన్నాడు. ఆటగాళ్లు వెళ్లిపోయారు. కెమెరా ఆపడం ఎవరో మరిచిపోయినట్టున్నారు. ఖాళీ మైదానంలో ఓ కాగితం కప్పు గాలికి దొర్లుతూ, ఆగుతూ, మళ్లీ దొర్లుతూ తెల్లగీతలు దాటుతోంది. అన్నయ్య దాన్నే చూస్తూ కూర్చున్నాడు.