ఎనిమిదిలో నాలుగు పడుకుంటాయి

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఎర్రటి రథం ఉంది. ఎనిమిది గుండెల ఇంజను ఉంది. ఒక వృద్ధవీరుడి పరీక్ష, సముద్రాలు దాటి వచ్చిన ఒక మహిమగల వస్తువు ఉన్నాయి. చదివినవాళ్లకు పుణ్యం కూడా దక్కుతుందని రాద్దామనుకున్నాను. కానీ నిజం చెప్పాలి కదా. రథం సెకండ్ హ్యాండ్‌ది. మహిమగల వస్తువు అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క. వీరుడు మా పెద్దనాయిన. పరీక్ష మాత్రం నిజమే.

పెద్దనాయినకు నాంపల్లి స్టేషన్ వెనక సందులో మెకానిక్ షెడ్డు ఉంది. నల్లగొండ వైపు కూలి పనులు వదిలి కుర్రతనంలో వచ్చాడు. ఇప్పుడు సందంతా ఉస్తాద్ అంటుంది. నేను అబిడ్స్‌లో కార్ల సామాన్ల దుకాణంలో సేల్స్‌మన్‌ని. సీటు కవర్లు, హారన్లు, డ్యాష్‌బోర్డు మీద తల ఊపే కుక్కపిల్లలు అమ్ముతాను. మా వంశంలో ఇంజన్లు ఆయనకు వచ్చాయి, కుక్కపిల్లలు నాకు వచ్చాయి.

ఆయన పని చేసే తీరు వేరు. మూరెడు పొడవు స్క్రూడ్రైవరు ఒకటి ఉంటుంది. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు నొక్కిపెట్టి, కళ్లు మూసుకుంటాడు. కాసేపటికి "మూడో సిలిండర్ మిస్ కొడ్తున్నది" అంటాడు. విప్పి చూస్తే మూడోదే. కంప్యూటర్ స్కానర్ కొనుక్కోమని నేను ఎన్నిసార్లు చెప్పినా, "నాకెందుకురా, నేనేమన్న చెవిటోన్నా?" అనేవాడు.

నిరుడు ఆ మాట అనడం మానేశాడు. వెనక నుంచి వచ్చే ఆటో హారన్‌కు జరగడం కూడా మానేశాడు. నేనే కోఠి దవాఖానకు తీసుకెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడగానే బటన్ నొక్కమన్నారు. నేను బయటి నుంచి చూస్తూ ఉన్నాను. చాలాసేపు ఆయన వేలు కదలలేదు. కుడి చెవి దాదాపు పోయిందని, ఎడమది సగమే ఉందని, మిషన్ పెట్టుకోవాలని డాక్టరు చెప్పాడు.

తిరిగి వస్తుంటే ఆటోలో పెద్దనాయిన అన్నాడు: "ఇంట్ల చెప్పకు. చెవిల మిషిని పెట్టుకున్న మెకానిక్ దగ్గరికి బండి ఎవడు తెస్తడురా?"

"కండ్లద్దాలు పెట్టుకున్న కంటి డాక్టర్ దగ్గరికి పోతలేరా?" అన్నాను.

నవ్వలేదు. గన్‌ఫౌండ్రీ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు మళ్లీ అన్నాడు: "ఒక్క బండి. ఒక్క బండికి తప్పు చెప్పిన్నంటె, ఆ దినమే షెడ్డు బంద్. మిషిని వద్దు, ఏమొద్దు. చెవి లేకుంట నేను బండి ముట్ట."

అప్పుడు నా దగ్గర జోకులు అయిపోయాయి. ఇది అరుదు కాబట్టి రాస్తున్నాను.

ఎర్ర కారు ఈ ఏడాది వానాకాలంలో వచ్చింది. యజమాని గన్‌ఫౌండ్రీలో పళ్ల డాక్టరు. వాళ్ల తాతగారు యాభై ఆరులో కోస్తా నుంచి వచ్చారు. ఇక్కడే పుట్టినా డాక్టరు మాటలో ఆ 'అండీ' పోలేదు. నాకంటే పదేళ్లు పెద్ద. ఎనిమిది సిలిండర్ల స్పోర్ట్స్ కారు కొనుక్కున్నాడు. నాంపల్లికీ అబిడ్స్‌కీ మధ్య నడపడానికి సగం సిలిండరు చాలు, మిగతా ఏడున్నరా గౌరవం కోసం.

"ఊళ్లో బాగానే ఉంటుందండీ ఉస్తాద్ గారూ. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఒకే స్పీడులో పోతుంటే గొంతు మారిపోతోంది. తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. షోరూంలో ఏమీ లేదంటున్నారు" అన్నాడు.

ముగ్గురం ఔటర్ ఎక్కాం. ముందు వాళ్లిద్దరు. కంపెనీవాళ్లు వెనక సీటు అని పిలిచే అరలో నేను, మోకాళ్లు గడ్డం కింద పెట్టుకుని. ఎనభై దగ్గర నిలకడగా పోతుండగా రొద మొదలైంది. పెద్దనాయిన వంగి, స్క్రూడ్రైవర్ మొనను సీటు బోల్టుకు ఆనించి, పిడి దవడకు నొక్కిపెట్టాడు.

"నాలుగే కొడ్తున్నయి డాక్టర్ సాబ్. నాలుగు సచ్చినయి."

డాక్టరు కంగారులో ఆక్సిలరేటర్ తొక్కాడు. కారు గర్జించి ముందుకు దూకింది. ఎనిమిదీ బతికే ఉన్నాయి. నా మోకాళ్లకు మాత్రం ఆ నమ్మకం లేదు.

షెడ్డుకొచ్చి పెద్దనాయిన ప్లగ్గులన్నీ విప్పి చూశాడు. పక్క సందులోంచి స్కానర్ ఉన్న కుర్ర మెకానిక్‌ను పిలిపించాడు. ఆయన జీవితంలో అది మొదటిసారి. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"పర్లేదండీ ఉస్తాద్ గారూ, రోడ్డు సౌండ్ అయ్యుంటుంది" అన్నాడు డాక్టరు. చాలా మర్యాదగా అన్నాడు. తిట్టినా అంత తగిలేది కాదు.

పెద్దనాయిన స్క్రూడ్రైవర్‌ను గుడ్డతో తుడిచాడు. పెట్టెలో పెట్టి మూత వేశాడు. సాయంత్రం నాలుగింటికే షట్టరు సగం దించాడు.

ఆ రోజు దుకాణంలో కుక్కపిల్లల మధ్య కూర్చుని ఫోన్‌లో వెతికాను. గంటకు దొరికింది. ఆ కారు ఇంజను మీద భారం పడకుండా ఒకే స్పీడులో పోతుంటే, పెట్రోలు ఆదా కోసం ఎనిమిదిలో నాలుగింటిని తానే పడుకోబెడుతుంది. కాలు నొక్కగానే లేపుతుంది. అది రోగం కాదు, తయారుచేసిన తీరే. ఆ రొద నచ్చనివాళ్ల కోసం స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే సాకెట్లో గుచ్చుకునే చిన్న పరికరం అమ్ముతున్నారు. అది గుచ్చితే నాలుగూ నిద్రపోవు.

అంటే ఆయన సరిగ్గానే విన్నాడు. నాలుగంటే నాలుగే.

బస్సు కంటే నడకే నయమని నాంపల్లికి నడిచాను. సగం దించిన షట్టరు కింద కూర్చుని ఉన్నాడు. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను.

"అయిపోయిందా?" అన్నాడు.

"నిజం పెద్దనాయినా. ఫోన్ల ఉన్నది, సూడు."

"ఫోన్ల శాన ఉంటయి. కొత్త టైర్లల్ల హిమాలయాల గాలి నింపుతున్నరని ఎవడు చెప్పిండు నాకు? నేను పోయి గిరాకీకి చెప్తి. ఇజ్జత్ పాయె."

"అది జోక్."

"ఔ. ఇది గూడ గట్లనే. ముసలోడు బాధ పడ్తున్నడు, జర నవ్విద్దామని వచ్చినవ్. మంచోనివే. ఇంటికి పో."

ఒట్టు వేశాను. నా ఒట్టుకు కూడా నవ్వాడు. ఇన్నేళ్లు అందరినీ నవ్వించి సంపాదించుకున్నది ఇదీ. నిజం చెప్పే రోజు వచ్చింది, దాన్ని కొనేవాడు లేడు.

చివరికి పళ్ల డాక్టరుకు చెప్పాను. ఆయన నమ్మాడు, పాపం, నా గురించి ఏమీ తెలియదు కాబట్టి. పరికరం తెప్పించాడు. రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ పెద్దనాయిన షెడ్డుకు వెళ్లాడు, కూర్చున్నాడు, వచ్చిన బండ్లను పక్క సందుకు పంపాడు. ఒక స్కూటర్‌వాడు బతిమాలితే, "నాకు కొడ్తలేదు బిడ్డా" అన్నాడట. ఏది కొట్టడం లేదో వాడికి అర్థం కాలేదు. ఏమైందని అడిగిన పెద్దమ్మతో, తనకు బీపీ అని చెప్పాడు. బీపీ కాదని ఆమెకూ తెలుసు.

ఆదివారం పొద్దున్నే డాక్టరే వచ్చి పిలిస్తే, ముగ్గురం ఔటర్ పక్కన సర్వీస్ రోడ్డుకు వెళ్లాం. షరతు పెద్దనాయినే పెట్టాడు. "నాకు సూపియ్యకు. పెట్టినవో తీసినవో నువ్వు చెప్పకు. నేనే చెప్త." దస్తీతో తన కళ్లు తానే కట్టుకున్నాడు. మొదటిసారి పరికరం గుచ్చాను. కారు డెబ్బై మీద నిలకడగా నడిచింది. స్క్రూడ్రైవర్ బోల్టు మీద, పిడి దవడ మీద.

"ఎనిమిది."

కారు ఆపించి, పరికరం తీసేశాను. డాక్టరు మళ్లీ నడిపాడు.

"నాలుగు."

మూడోసారి మోసం చేద్దామని సాకెట్ దగ్గర ఉత్తుత్తి చప్పుడు చేసి, గుచ్చకుండా వదిలేశాను.

"నాలుగే. ఎవన్ని బేకూఫ్ చేస్తున్నవ్ రా?"

నాలుగోసారి గుచ్చాను. "ఎనిమిది" అన్నాడు, ఈసారి మెల్లగా.

డాక్టరు చప్పట్లు కొట్టబోయాడు. పెద్దనాయిన చేయెత్తి ఆపాడు. "ఇంకొక్కసారి." స్క్రూడ్రైవర్‌ను కాళ్ల దగ్గర పడేశాడు. ఉత్త చెవితో కూర్చున్నాడు. నేను పరికరం తీసేశాను. కారు నడిచింది. నాకే స్పష్టంగా వినపడుతోంది ఆ రొద. ఒక కిలోమీటరు పోయింది. రెండు పోయాయి. దస్తీ కింద ఆయన పెదాలు కదలలేదు.

"ఏం వినవడ్తలేదు" అన్నాడు.

కారు పక్కకు ఆగింది. కళ్లకు కట్టిన దస్తీ విప్పి, దాంతోనే ముఖం తుడుచుకున్నాడు. చెమటే అని నేను రాయగలను. చల్లటి పొద్దు అది.

అప్పుడు డాక్టరు చెప్పాడు. శబ్దం చెవి రంధ్రంలోంచే కాదు, దవడ ఎముక గుండా కూడా లోపలికి పోతుందని, ఉస్తాద్ గారు బహుశా అలాగే వింటున్నారని, చెవి డాక్టరుకు ఈ సంగతి తప్పక చెప్పమని.

"అంటె బండికి తప్పు చెప్పలే నేను" అన్నాడు పెద్దనాయిన.

"ఒక్క ముక్క తప్పు" అన్నాను. "సచ్చినయి అన్నవ్. పండుకున్నయి."

ఈసారి నవ్వాడు. "రేపు దవాఖానకు పోదాం. మిషిని పెట్టుకుంట. మనుషుల మాటలకు అది, బండ్లకు ఇది" అని స్క్రూడ్రైవర్ కోసం కాళ్ల దగ్గర తడిమాడు. "మీ పెద్దమ్మకు నువ్వు చెప్పకు, నేను చెప్త. నువ్ చెప్తె నమ్మది."

సోమవారం షట్టరు పూర్తిగా పైకి లేచింది. ఆ వారంలోనే చెవికి మిషన్ వచ్చింది. సందులోవాళ్లు రెండు రోజులు దాని గురించే మాట్లాడారు, ఆ తర్వాత ఎప్పటిలాగే బండ్లు తెచ్చారు. తన బండి హారన్ ఇంత కర్ణకఠోరంగా ఉంటుందని ఇన్నాళ్లకు తెలిసి, పెద్దనాయిన దాన్ని మార్పించుకున్నాడు. నా దుకాణంలోనే.

పళ్ల డాక్టరు పరికరాన్ని సాకెట్లోనే ఉంచి, కారును ఇంట్లో వదిలి, పెళ్లికని ఊరెళ్లి రెండు వారాలకు వచ్చాడు. కారు లేవలేదు. తాళం తిప్పితే టిక్ అని కూడా అనలేదు. ఆ పరికరం, కారు ఆపి ఉన్నా సరే, బ్యాటరీ నుంచి కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటుంది. వారం కంటే ఎక్కువ రోజులు బండి తీయకపోతే దాన్ని పీకి పక్కన పెట్టాలి. లేకపోతే నాలుగు కాదు, ఎనిమిదీ పడుకుంటాయి.