మా అత్త అతికించిన నవ్వుల పటం

మా అత్త పోయింది. మొన్న తెల్లవారి చాయ్ తీసుకెళ్ళి లేపబోతే పలకలేదు. నేను వెంటనే నమ్మలేదు. నిద్ర నటించి నన్ను ఏడిపించడం ఆమెకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. "లే అత్తా, చాయ్ సల్లారుతాంది" అని కసిరాను కూడా. చెయ్యి పట్టుకుంటే గానీ తెలియలేదు. కబురు విని వచ్చిన చుట్టాలు ఆమె ముఖం కంటే నా ముఖాన్నే ఎక్కువ పరీక్షగా చూశారు. అత్త చచ్చిన ఆర్నెల్లకు కోడలి కంట నీరొచ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు కదా. నాకు మాత్రం అదే పూట వచ్చింది. నమ్మడం, నమ్మకపోవడం వాళ్ళ ఇష్టం.

నేనూ తేలిగ్గా నమ్మే మనిషిని కాను. పాలవాడి కొలతను నమ్మను, జ్యోతిష్యుణ్ణి నమ్మను, పోయినవాళ్ళలో ఒక్క తప్పూ లేదనేవాళ్ళను అసలే నమ్మను. మా అత్త మీద నాకు బతుకంతా ఒక అనుమానం ఉండేది. ఆమెను తలుచుకోవాలంటే ఆ అనుమానంతోనే తలుచుకోవాలి.

నిజాం దొరతనం చివరి ఏళ్ళలో నేను మర్రిగూడ నుంచి భువనగిరికి కోడలిగా వచ్చాను. మా ఇంటాయన తహశీలు కచ్చేరీలో గుమాస్తా. మామ నా పెళ్ళికి ముందే పోయాడు కాబట్టి ఇంట్లో మేం ముగ్గురమే. మా మర్రిగూడ బావినీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళు పచ్చగా, మట్టిరంగు చారలతో ఉంటాయి. మా ఊళ్ళో అందరివీ అవే పళ్ళు గనుక అదొక లోపమని నాకు తెలియదు. భువనగిరిలో బండి దిగిన రోజే తెలిసింది, పెళ్ళిచూపులప్పుడు నోరు తెరవొద్దని మా అమ్మ ఎందుకు మొత్తుకుందో. అప్పటి నుంచి మాటకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. నవ్వు పూర్తిగా బంద్.

అట్లాంటి దాన్ని, వచ్చిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం అర్రలోంచి అత్త ఒక్కతే నవ్వడం విన్నాను. కిసకిసా నవ్వు, ఆగి, మళ్ళీ నవ్వు. తలుపు తోసి చూస్తే చప్పున ఏదో చుట్ట చుట్టి దూలం సందులో దోపింది.

"ఏం లేదు పిల్లా, ఒకటి యాదికొచ్చింది" అంది.

ఏం యాదికొచ్చి ఉంటుంది? నా పళ్ళే. సాయంత్రం ఆయనతో చెప్తే "అమ్మకు జర నవ్వెక్కువ, ఫికర్ జేయకు" అన్నాడు. తల్లీకొడుకులు కలిసే నవ్వుకుంటున్నారని నాకు ఖాయమైపోయింది.

ఇంకొక సంగతి కూడా నాకు నచ్చలేదు. కిరాణా దుకాణానికి ఆమె నన్ను పంపేది కాదు. ఇంట్లో వయసులో ఉన్న కోడలిని పెట్టుకొని బెల్లానికీ మిరపకాయలకూ తానే ఎండలో పోయేది. ఒకరోజు కాస్త ఎడంగా ఆమె వెంట నడిచి దుకాణం పక్కన నిలబడ్డాను.

"సేటూ, బొమ్మల కాయితంల కట్టియ్యి. రాతల కాయితం నాకొద్దు" అంటోంది.

"బొమ్మల కాయితమంటే అడుగు బెల్లమే ఇస్తనమ్మా, మల్ల లొల్లి వెట్టొద్దు."

"ఇయ్యి తియ్యి."

మంచి బెల్లం మానుకొని అడుగు బెల్లం తెచ్చే ఇల్లాలిని నేను అంతకు ముందు చూడలేదు. ఇంటికొచ్చాక ఆమె పొట్లం విప్పి, బెల్లాన్ని డబ్బాలో పారేసి, కాగితాన్ని మాత్రం తడిగుడ్డతో తుడిచి గోడకు ఆరవేసింది. అప్పుడు అడ్డంగా నిలబడి అడిగేశాను, ఆ దూలంలో దాచేది ఏమిటని. ఆమె "సూస్తవా?" అని చుట్టను దించింది.

మా మామ కట్టి విడిచిన పాత ధోవతి అది. దాని మీద చింతగింజల జిగటతో కాగితపు బొమ్మలు వరసలుగా అతికించి ఉన్నాయి. సికింద్రాబాదు లష్కరు దండులో తెల్లదొరలు చదివి పారేసిన ఇంగ్లీషు పత్రికలు చిత్తుకాగితాలుగా రైల్లో మా ఊరి దుకాణాలకు వచ్చేవి. వాటిలో గళ్ళు గళ్ళుగా నవ్వులాట బొమ్మలుండేవి. మా అత్త పుట్టిల్లు రామన్నపేట వైపు. చిన్నప్పుడు పటం కథలు చెప్పేవాళ్ళను చూసి పెరిగిన మనిషి. వాళ్ళు గుడ్డమీద రాసిన బొమ్మల పటాన్ని పైనుంచి కిందికి విప్పుతూ, పుల్లతో ఒక్కొక్క బొమ్మనూ చూపిస్తూ కథ చెప్తారు. తరువాతి బొమ్మ చుట్టలోనే ఉంటుంది గనుక జనం కదలకుండా కూర్చుంటారు. మా అత్త దొరల నవ్వుబొమ్మలతో అట్లాంటి పటమే కట్టుకుంది.

ఆ మధ్యాహ్నం నాకు కొంచెం కొంచెంగా విప్పి చూపించింది. టోపీ పెట్టుకున్న లావాటి మనిషిని ఆమె పటేలు అనేది. వాడి కుక్కకు జమేదారని పేరు పెట్టింది. పటేలు నిచ్చెన ఎక్కుతున్నాడు, కింద జమేదారు నిచ్చెనకాలు కొరుకుతోంది. ఆ కింది వరస ఇంకా చుట్టలో ఉంది. "ఇప్పుడేమైతది సెప్పు" అని చెయ్యి ఆపింది. నేను చెప్పేలోపే నవ్వొచ్చేసింది. పళ్ళన్నీ బయటపెట్టుకొని, పొట్ట పట్టుకొని నవ్వాను. తెలివి వచ్చి కొంగు అడ్డం పెట్టుకోబోతే ఆమె నా చెయ్యి లాగేసింది. "మూస్తవెందుకే? నవ్వంగ పండ్లెవడు సూస్తడు?"

ఆ మాట ఇప్పటికీ నేను పూర్తిగా నమ్మలేదు. కానీ ఆ ఇంట్లో నేను తెరిపిన పడ్డది ఆ రోజే, అందుకు ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

అట్లాంటి బొమ్మల్లో ఏముందని ఆకర్షణ అని తరువాత చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచింది ఇది. పడబోయేవాడు ఒక గడిలో ఉంటాడు, పడ్డవాడు పక్క గడిలో ఉంటాడు. పడడం మాత్రం ఏ గడిలోనూ ఉండదు, వాణ్ణి ఆ నడుమ తెల్లటి సందులో పడేసేది చూసేవాళ్ళే. బొమ్మ వేసినవాడు ఏమీ ఎరగనట్టు కూర్చుంటాడు, పని మనచేత చేయించుకుంటాడు. సర్కారు ఇట్లాంటి కాగితాలను అనుమానించడంలో తప్పేమీ లేదు. నేనైనా అనుమానిస్తాను.

ఆ పటంలో ఒక కుర్సీ బొమ్మ ఉండేది. నాలుగే గళ్ళు, ఒక్క అక్షరం లేదు. శుక్రవారం కచ్చేరీ సెలవు రోజున మా ఇంటాయన దాన్ని మొదటిసారి చూసి తెల్లబోయాడు.

"గిది సంగపోళ్ల బొమ్మ! ఎవడిచ్చిండమ్మా నీకు?"

దొరల మీద తిరగబడ్డ సంగం గురించి నేనూ విన్నాను గానీ, ఆ మాట ఎందుకన్నాడో నాకు అర్థం కాలేదు. నేను చూసిన కథ ఇది: దొర లేనప్పుడు బక్క నౌకరు దొర కుర్సీలో పడి నిద్రపోతున్నాడు, దొర వచ్చాడు, నౌకరు ఉలిక్కిపడి లేచాడు, దొర కుర్సీలో కూర్చుంటే నౌకరు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఇందులో సంగమెక్కడిది? ఆయన చూసిన కథ వేరే: దొర కుర్సీలో ఉన్నాడు, నౌకరు చేతులు కట్టుకొని ఉన్నాడు, దొర లేచాడు, బయటికి నడిచాడు, చివరికి నౌకరు ఆ కుర్సీలో కాళ్ళు చాపుకొని హాయిగా పడుకున్నాడు. ఆయనది ఉర్దూ బడి, చూపు కుడి నుంచి మొదలవుతుంది. నాకు మా నాయిన తెలుగు అక్షరాలు నేర్పాడు, నా చూపు ఎడమ నుంచి మొదలవుతుంది. ఇద్దరం ఒకరినొకరు పిచ్చివాళ్ళను చూసినట్టు చూసుకున్నాం. చివరికి అత్తనే అడిగాం, నువ్వెట్ల చూస్తావని.

"నాకు సదువొస్తదా నాయినా? బొమ్మ ఎట్లుంటె గట్ల సూస్త" అంది.

అది జవాబు కాదు. ఆమె చూసేది కూడా కుడి నుంచేనేమో అన్న నా అనుమానం అక్కడ పుట్టింది.

"కాలవెట్టమ్మా, నీ కాల్మొక్త" అన్నాడు ఆయన. ఊళ్ళల్లో సంగం పేరెత్తితే వీపులు చీరుతున్న రోజులు అవి. ఆ కచ్చేరీలోనే ఒక నౌకరు ఇంట్లో అచ్చు కాగితం దొరికిందని పట్టుకుపోయారు. నడిచిపోయిన మనిషిని బండిమీద వేసుకొని తెచ్చారు. అత్త సరేనంది. అని, చుట్టను దూలం సందులో ఇంకాస్త లోపలికి దోపింది.

మధ్యాహ్నాలు వాడకట్టు ఆడవాళ్ళు నలుగురైదుగురు మా ఇంటికి చేరేవాళ్ళు. తలుపులు మూసి ఉండేవి, లోపల నవ్వులు. దూలంలో కాగితాల చుట్ట ఉందని ఎవరో పోలీసులకు మోశారు. ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు, నా లెక్కలో నలుగురున్నారు. ఒక పొద్దున ఆయన కచ్చేరీకి బయలుదేరుతుండగా పోలీసు అమీన్ సాబు జవాన్లతో వాకిట్లో దిగాడు. ఒక జవాను లాఠీతో దూలం కెలికాడు. చుట్ట కింద పడి, దొర్లి, దానంతటదే విప్పుకుంది.

అమీన్ వంగి చూశాడు. అన్ని బొమ్మల మీదుగా పోయి ఆయన లాఠీ కుర్సీ దగ్గర ఆగింది, కుడివైపు గడి మీద ఆగింది. నేను మా ఇంటాయన ముఖం చూశాను. పాలిపోయింది. లాఠీ మెల్లగా ఎడమకు జరిగింది.

"క్యా హై యే, గుమాస్తా? దొర లేసిపోతె నౌకరు కుర్సీ ఎక్కుడా?"

అప్పుడు మా అత్త చీపురుపుల్ల ఒకటి విరుచుకొని, పటం ముందు బాసింపట్టు వేసుకొని కూర్చుని, కుర్సీ బొమ్మ ఎడమ చివర గడి మీద పెట్టింది.

"మీ బాంచెన్ సర్కార్, గిటు నుంచి సూడుండ్రి. గిది మా ఇంటి కతనే. గీ బక్కోడు నా కొడుకు. కచ్చేరీల సాబు లేడని కుర్సీల వడి గురక వెడుతుండు. గీడ సాబు అచ్చిండు. అమ్మో! కండ్లు తెరిసిండు, కప్ప లెక్క దుంకిండు. గీడ సూడుండ్రి, ఏమెరగని పిల్లి లెక్క చేతులు కట్టుకున్నడు. వీని రుమాలు కుర్సీలనే ఉండె, సాబు దాని మీదనే కూసుండె. ఇంటికొచ్చి 'అమ్మా, రుమాలెట్ల అడగాలె?' అని ఒకటే ఏడ్పు!"

బొమ్మలో రుమాలు లేనే లేదు. ముందు ఒక జవాను ఫక్కుమన్నాడు. అమీన్ వాడివైపు కొరకొరా చూసి, తానూ ఆపుకోలేకపోయాడు.

"నిజమేనా గుమాస్తా? కచ్చేరీల పండుకుంటవా?"

మా ఇంటాయన కచ్చేరీలో ఏనాడూ కునుకు తీసిన మనిషి కాదు. పనిలో తప్పుపట్టించుకోవడమంటే ఆయనకు చావుతో సమానం. తల్లి చీపురుపుల్ల బొమ్మమీద పెట్టి అట్లాగే ఆయనను చూస్తోంది.

"నిజమే సర్కార్. పండుకుంట" అన్నాడు.

అమీన్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పటం మాత్రం చంకలో పెట్టుకొనే పోయాడు. మళ్ళీ చూసి నవ్వుకోవడానికో, అనుమానం తీరకో, నాకు తెలియదు.

ప్రాణం దక్కింది. కానీ రుమాలు కథ ఆ సాయంత్రానికే కచ్చేరీ అంతా పాకింది. ఆయనను చూస్తే చాలు, బంట్రోతు కూడా గురక పెట్టేవాడు. "నా ఇజ్జత్ దీసినవు గదమ్మా" అన్నాడు ఆయన. "పానముంటె ఇజ్జత్ మల్ల వస్తది బిడ్డా" అంది ఆమె. చాలా రోజులు ఆయన తల్లితో మాట్లాడలేదు. ఆమె కూడా దుకాణానికి పోవడం మానింది. అర్రలోంచి నవ్వు వినబడని ఆ ఇల్లు నాకు బాగుండలేదు. అదే నవ్వును అనుమానించిన దాన్ని, అది లేకపోతే అన్నం సయించలేదు. ఒక సాయంత్రం ఆయన కచ్చేరీ నుంచి వచ్చి, శేర్వానీ జేబులోంచి నూనె మరకల కాగితం ఒకటి తీసి, తల్లి ముందు పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. లావాటి పటేలు, జమేదారు కుక్క. ఆమె దాన్ని చూసి చాలాసేపు ఏడ్చింది. ఆ తరువాత నవ్వింది.

నిజాం రాజ్యం పోయింది. అమీన్ పోయాడు. ఎన్నో ఏళ్ళకు మా ఇంటాయనా పోయాడు. ఒకసారి నేను ఆమెను నిలదీశాను. "ఇప్పుడు భయం లేదు గదత్తా. ఆ కుర్సీ బొమ్మ నువ్వెటు నుంచి సూసేదానివి?"

"నువ్వెటు నుంచి సూసినవ్?"

"ఎడమ నుంచి."

"మంచిగ సూసినవ్" అని వక్క నమలడం మొదలుపెట్టింది. ఇంకేం అడుగుతాం?

చివరి నెలలో మంచం దిగలేకపోయింది, మాట కూడా తగ్గింది. మునిమనవరాలు తన బొమ్మల కథల పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అదృష్టం కలిసొచ్చి బిచ్చగాడు రాజయ్యే కథ. మొదటి పేజీలో వాడు వీధిలో గిన్నె పట్టుకొని ఉంటాడు, చివరి పేజీలో సింహాసనం మీద ఉంటాడు. మా అత్త పుస్తకాన్ని వెనక అట్ట నుంచి తెరిచింది. పాపం కళ్ళు ఆనడం లేదనుకొని నేను పుస్తకం తిప్పి మొదటి పేజీ తీసి చేతికిచ్చాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసింది. మళ్ళీ వెనక్కి తిప్పుకుంది.

కుడి చివర గడి మీద వేలు పెట్టి, ఒక్కొక్క గడే ఎడమకు, ఒక్కొక్క పేజీయే వెనక్కు. కిరీటం పోయింది. సింహాసనం పోయింది. మహారాజు చిరిగిన గుడ్డలతో, గిన్నె పట్టుకొని వీధిలో నిలబడేదాకా ఆమె వేలు ఆగలేదు. అక్కడికి చేరాక పుస్తకం మూసి పొట్టమీద పెట్టుకుంది. నోట్లోంచి చప్పుడు లేదు గానీ, ఆ పుస్తకం చాలాసేపు ఎగిరెగిరి పడుతూనే ఉంది.