అత్తమ్మ కారుకు నాలుగు థ్రాటిల్ బాడీలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఉండేది కాదు. వయసు ఇరవై. ఒక చేతిలో పాలిటెక్నిక్ డిప్లొమా, ఇంకో చేతిలో వీడియోలు చూసే ఫోను. జగిత్యాలలో కార్ల ఫ్యాక్టరీ ఎందుకు పెట్టలేదో, పెడితే నన్ను ఏ కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళో ఆలోచిస్తూ తిరిగేవాణ్ణి. (ఇంట్లో వాళ్ళు దీన్నే ఖాళీగా ఉండటం అనేవారు.) మా మేనత్త అదే ఊళ్ళో ఆడవాళ్ళకు కారు నేర్పేది. ఆమె తెల్ల కారు నాకంటే రెండేళ్ళు పెద్దది, ఎవరు ఏ పెడల్ తొక్కినా కోపం తెచ్చుకోని రకం. ఆ ఓర్పే నాకు నచ్చలేదు. దాని ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లుంటే, వాటన్నిటికీ గాలి వదిలే తలుపు, అంటే థ్రాటిల్ బాడీ, ఒక్కటే. రేసు కార్లలో సిలిండర్‌కొకటి ఉంటుంది. కాలు తగలగానే బండి దూకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు దూకే బండి ఎందుకని మీరు అడగవచ్చు. అప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. అత్తమ్మతో మాత్రం, "పికప్ పెరుగుతది, పెట్రోల్ తగ్గుతది" అన్నాను. రెండో మాట శుద్ధ అబద్ధం. "వారం రోజులల్ల లైసెన్సు టెస్ట్ ఉంది అల్లుడా, గప్పటిదాంక ఇస్తవా?" అంది. మూడు రోజులు చాలన్నాను.

పెద్ద బైకు నుంచి ఊడదీసిన నాలుగు థ్రాటిల్ బాడీలు కోరుట్లలో మెకానిక్ చాచా దగ్గర దొరికాయి. ఎందుకో చెప్పగానే ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "బేటా, మంచిగ ఊపిరి తీసుకుంటున్న మనిషికి ఇంక మూడు ముక్కులు పెడ్తె ఉరుకుతడా?" అని అడిగాడు. పాతకాలం మనిషి కదా అని జాలిపడ్డాను. బైకు భాగాల ఎడం కారు ఇంజిన్ రంధ్రాలతో కలవదు కనుక మధ్యలో ఒక అల్యూమినియం పలక కావాలి. దానికోసం సిరిసిల్ల వెళ్ళాను. అక్కడ సాంచాలకు (మరమగ్గాలను అలాగే అంటారు) విడిభాగాలు చేసే లేత్ పనాయన నా డ్రాయింగును అటూ ఇటూ తిప్పి, "గిది ఏ సాంచాకు తమ్మీ?" అన్నాడు. కారుకన్నాను. ఇంకేమీ అడగకుండా కోసిచ్చాడు. ఆ మొత్తం వ్యవహారంలో సరిగ్గా కుదిరింది ఆ పలక ఒక్కటే.

నాలుగు తలుపులూ ఒకేసారి, ఒకే మేరకు తెరుచుకోవాలి. అది చూడటానికి గేజీలుంటాయి. నాకు చెవులున్నాయి కదా అనుకున్నాను. ఎంత గాలికి ఎంత పెట్రోలో లెక్కచూసే కారు కంప్యూటరుకు కూడా ఈ మార్పు తెలియజేయాలని వీడియో చివర్లో చెప్పారట; నేను చివరిదాకా చూడలేదు. ఇంజిన్ గాలి లాగే బలంతోనే బ్రేకు పెడల్ మెత్తగా ఉంటుందన్న, నా మార్పుతో ఆ బలం తగ్గి అది బిగుసుకుపోతుందన్న సంగతి అసలు ఏ వీడియోలోనూ చూడలేదు. మూడు రోజుల పని టెస్టు పొద్దున ముగిసింది. స్టార్ట్ చేస్తే పక్కింటి బాల్కనీలోంచి ముగ్గురు తొంగిచూశారు. "ఏందిరా గా చప్పుడు?" అంది అత్తమ్మ. "పవర్ అత్తమ్మా."

టెస్టు మైదానానికి నేనూ వెంట వెళ్ళాను. ఆ రోజు మొదటి వంతు ఇబ్రహీంపట్నం అంగన్‌వాడీ టీచర్‌ది. అప్పటికే రెండుసార్లు ఫెయిలైంది. భర్త దుబాయిలో ఉంటాడు, కొన్న కారు ఏడాదిగా వాకిట్లో ఉంది. ఎక్కడికి పోవాలన్నా మరిదిని బతిమాలుకోవాలి. అత్తమ్మ పక్కన కూర్చుని తన వైపు బ్రేకు మీద కాలు పెట్టింది. ఎనిమిది అంకె ఆకారంలో కర్రలు పాతి ఉన్నాయి. టీచర్ నేర్పినట్టే ఆక్సిలరేటర్‌ను మెల్లగా తాకింది. బండి ఒక్కసారిగా దూకి ఎనిమిదిని నిలువునా చీల్చుకుంటూ పోయింది. ఇద్దరూ చెరో బ్రేకూ లేచి నిలబడ్డట్టు తొక్కితే, ఇన్‌స్పెక్టర్ బల్లకు జానెడు దూరంలో ఆగింది. ఆయన కాగితం మీంచి తలెత్తి, "మేడం, ఎనిమిది ఏయమంటే ఒకటి ఏసిన్రు. మళ్ళ నెల రాండ్రి" అన్నాడు.

టీచర్ స్టీరింగ్ వదలకుండా అలాగే కూర్చుంది, కళ్ళనిండా నీళ్ళు. అత్తమ్మ దిగి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందని ఎదురుచూశాను, తిట్టినా బాగుండేది. "మొదలు ఎట్లున్నదో గట్ల చెయ్యి" అని, టీచర్‌నూ టెస్టుకొచ్చిన మిగతా నలుగురినీ తీసుకుని ఆటోలో వెళ్ళిపోయింది. కారును కోరుట్లకు తీసుకెళ్తే చాచా పానాలు నా ముందు పెట్టి, చాయ్ తెప్పించాడు. పాత థ్రాటిల్ బాడీ బిగించి స్టార్ట్ చేస్తే కారు నిమ్మళంగా, నన్ను క్షమించినట్టే, గురగురలాడింది. మరుసటి నెల టీచర్ అదే కారులో పాసైంది.

ఇప్పుడు నేను దెబ్బతిన్న కార్లను చూసి బీమా వాళ్ళకు రిపోర్టు రాస్తుంటాను. (అనుభవం ఉన్న రంగమే.) మొన్న కొండగట్టు దగ్గర బస్సు కోసం నిలబడితే ఒక కారు ఆగింది. టీచరే. ఎక్కించుకుని, చక్కగా నడుపుతూ కాసేపటికి అంది: "తమ్మీ, ఇన్నేండ్లల్ల నేను అరవై స్పీడు దాటలే. గా రోజు మాత్రం పానం పోయిందనుకున్న. ఏడ్సిన గూడ. గాని నిజం చెప్పాల్నంటే, మస్తు మంచిగనిపించింది. మీ అత్తమ్మకు చెప్పకు."

నా ఇంజనీరింగ్‌కు ఈ జన్మలో దొరికిన ఏకైక కితాబు అది, అదీ ఎవరికీ చెప్పకూడదన్న షరతు మీద. ఆ ఇరవై ఏళ్ళవాడు విని ఉంటే ఛాతీ ఎంత ఉబ్బించేవాడో. నేను నవ్వి, సీటు బెల్టు సరిగ్గా బిగిసిందో లేదో ఒకసారి చూసుకున్నాను.