అందరి ఉపవాసాల్లో కలిసిపోయిన నా ఉపవాసం

ఆ శుక్రవారం మా హాల్లో నాలుగు కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. రొట్టె ముక్కల పళ్ళెం నా చేతిలో ఉంది. ఎవరికీ అందించలేదు. పళ్ళెం బల్ల మీద పెట్టేసి, బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకున్నాను. కడుపు పాడైందనుకుని అమ్మ వాము నీళ్ళు కాచింది. నా జబ్బుకు జరిగిన మొదటి వైద్యం అదే.

మాది రాజమండ్రి నుంచి వచ్చిన మోర్మన్ క్రైస్తవ కుటుంబం. నాన్న రిఫైనరీలో ఇంజినీరు. సౌదీలో, అల్ ఖోబర్‌లో అజీజియాలో ఉంటాం. ఇక్కడ చర్చిలకు అనుమతి లేదు కాబట్టి ప్రార్థన ఎవరో ఒకరి హాల్లోనే. కిటికీలు మూసి, గొంతు తగ్గించి పాడుకుంటాం. బయట గుంపు కనబడకూడదని చెప్పులు కూడా గడప లోపలే విడుస్తాం. పన్నెండేళ్ళు నిండిన మగపిల్లలు రొట్టె, నీళ్ళు అందరికీ అందించాలి. మాలో ఆ వయసువాణ్ణి నేనొక్కణ్ణే. సెలవు పెట్టడానికి వీల్లేని ఉద్యోగం.

ఆ పని అప్పగించే ముందు ఇంటర్వ్యూ ఉంటుంది. మా గుంపుకు పెద్ద సుధాకర్ అంకుల్. చాలా మంచి మనిషి. "అబద్ధాలాడట్లేదు కదా బాబూ? నువ్వు యోగ్యుడివేనని అనిపిస్తోందా?" అని అడిగారు.

"అవునండీ" అన్నాను. వాళ్ళ మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది, అరబిక్ హోంవర్క్ కాపీ కొట్టానని. అంటే ఇప్పుడే చెప్పిన 'అవును' అబద్ధం. యోగ్యుడివేనా అన్న ప్రశ్నకు జవాబు చెబుతూనే అయోగ్యుణ్ణయ్యాను.

ఆ శుక్రవారం తర్వాత ఆయనకు ఫోన్ చేసి ఒప్పుకున్నాను. "ఇంక కాపీ కొట్టకు. నువ్వు యోగ్యుడివేలే" అన్నారు. ఆ మాట ఒక పూట పనిచేసింది. సాయంత్రానికి ఇంకో తప్పు గుర్తొచ్చింది. మర్నాడు మరొకటి. సైట్లో పనిలో ఉన్న ఆయనకు ఫోన్ చేసి, "ప్రార్థనలో మీ బట్టతల చూసి నవ్వొచ్చిందండీ" అని ఒప్పుకున్నాను. "అద్దంలో చూసుకుంటే నాకూ వస్తుంది బాబూ" అన్నారు.

ఇంట్లో అమ్మకు ఒక మాట అలవాటు. నేను తలుపు విసిరికొడితే, "ఇలా చేస్తే పరిశుద్ధాత్మ ఈ ఇంట్లో ఉంటాడా?" అనేది. ఆమె ఉద్దేశంలో అది 'గోల చేయకు' అనడమే. నేను దాన్ని ప్లాంటులో హెచ్చరిక బోర్డులా చదువుకున్నాను. నాకు చెడ్డ ఆలోచన వస్తే ఆత్మ వెళ్ళిపోతాడు, ఆయన వెళ్ళిపోతే నాన్నకు ప్లాంటులో ఏదో అవుతుంది. పన్నెండేళ్ళవాడికి ఒక రిఫైనరీ భద్రత అప్పగించారు. హెల్మెట్ కూడా ఇవ్వలేదు.

నెలకొకసారి మావాళ్ళు రెండు పూటలు ఉపవాసం ఉంటారు. నేను దాన్ని శిక్షగా మార్చుకుని రోజూ మొదలుపెట్టాను. అంతలో రంజాన్ వచ్చింది. తిండి మానేసిన పిల్లవాణ్ణి ఎవరూ గమనించకుండా ఉండాలంటే ఇంతకన్నా అనువైన నెల లేదు. స్కూల్లో ఎవరూ తినడం లేదు. నా టిఫిన్ డబ్బాలోది లిఫ్టు దగ్గర పిల్లులు తినేవి. రాత్రి అన్నం టిష్యూలోకి పోయేది. చెల్లి డీనా అప్పటికి రెండు నెలల పసిపాప, అమ్మ కళ్ళు దాని మీదే ఉండేవి. మా బిల్డింగ్ వాచ్‌మన్ పాకిస్తానీ చాచా ఒక్కడే నన్ను పట్టించుకున్నాడు. "రోజా హై బేటా? మాషాల్లా!" అన్నాడు, ఉపవాసం ఉన్నానని మెచ్చుకుంటూ. తలూపాను. అదీ అబద్ధమే కాబట్టి ఇంకో పూట మానేశాను. ఊరంతా ఖర్జూరం నోట్లో వేసుకునే వేళకు కూడా నా ఉపవాసం ముగిసేది కాదు.

మూడోవారం మెట్ల మీద పడిపోయాను. ఎమర్జెన్సీలో సెలైన్, ఈసీజీ, బ్లడ్ టెస్టులు. షుగర్ బాగా తక్కువ, డీహైడ్రేషన్. మలయాళీ డాక్టరమ్మ నాన్నను అడిగింది, "ఈజ్ హీ ఫాస్టింగ్?"

"వుయ్ ఆర్ క్రిస్టియన్స్, డాక్టర్."

"దట్ వాజ్ నాట్ మై క్వశ్చన్."

నాన్న నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆవిడ సైకియాట్రీకి రిఫర్ చేసింది. మావాళ్ళు ముందు దీవెన ఇప్పిద్దామన్నారు. అంకుల్, నాన్న నా తల మీద చేతులుంచి ప్రార్థించారు. నాకేమీ అనిపించలేదు. అయోగ్యుడికి దీవెన కూడా ఎక్కదని తేల్చుకున్నాను. తిండి మానడం ఆపలేదు, నెల తిరక్కుండా మళ్ళీ అదే ఎమర్జెన్సీ. నర్సు పేరు పెట్టి పలకరించింది.

ఈసారి ఈజిప్టు సైకియాట్రిస్టు చూశాడు. "ఓసీడీ. దిస్ టైప్ ఈజ్ కాల్డ్ స్క్రూప్యులాసిటీ" అన్నాడు. పాపం చేశానేమోనన్న భయమే జబ్బుగా మారడమట. "మా నమ్మకం వల్ల వచ్చిందా?" అని అమ్మ నాన్నచేత అడిగించింది. కాదన్నాడు. ఆ జబ్బు ఇంట్లో ఏ మాట దొరికితే దాన్ని తిని పెరుగుతుంది, మీ ఇంట్లో ఈ మాట దొరికింది అన్నాడు. నేను తినకపోయినా, అది బాగానే తింది.

సెర్ట్రలీన్ మాత్ర మొదలైంది. దాంతోపాటు ఈఆర్పీ అనే థెరపీ, అంటే ఊరట వెతుక్కోకుండా భయాన్ని ఎదుర్కోవడం. అందులో మొదటి నియమం, 'నువ్వు యోగ్యుడివే' అని నాకు ఎవరూ చెప్పకూడదు. నేను ఫోన్ చేస్తే అంకుల్, "డాక్టరుగారు వద్దన్నారు బాబూ" అని పెట్టేసేవారు. పెట్టేసి ఏడ్చేవారని ఆంటీ తర్వాతెప్పుడో చెప్పింది. ఇటు నేనూ ఏడ్చేవాణ్ణి. లైను కట్ చేయకపోతే ఒకరికొకరు తోడుండేవాళ్ళం.

రెండో నియమం, యోగ్యుణ్ణని అనిపించకుండానే పళ్ళెం పట్టుకుని నడవాలి. నడిచాను. పళ్ళెం ఒరిగి రెండు ముక్కలు కార్పెట్ మీద పడ్డాయి. అంకుల్ వంగి, తీసుకుని, తినేశారు.

ఇప్పుడు నాకు ఇరవై. డిగ్రీ ఆన్‌లైన్లో చదువుతున్నాను. మాత్ర డోసు సగానికి తగ్గింది, కానీ పోలేదు. శుక్రవారాలు వెనక కూర్చుంటాను. కొన్నిసార్లు రొట్టె తీసుకుంటాను, కొన్నిసార్లు పళ్ళెం పక్కకు పంపేస్తాను. రంజాన్ నెల నాకు ఇప్పటికీ కష్టమే.

డీనాకు ఎనిమిదేళ్ళు నిండాయి. బాప్తిస్మానికి ముందు దానికీ ఇంటర్వ్యూ జరిగింది. నేను ముందే బతిమాలితే అంకుల్ యోగ్యత అన్న మాట వాడకుండా, "నీకు ఇష్టమేనా తల్లీ?" అని మాత్రం అడిగారు. అయినా దానికి ఆ మాట పిల్లల క్లాసులో ముందే దొరికింది.

"అన్నయ్యా, నేను యోగ్యురాలినేనా?" అంది.

"ముందు లెక్కలు చెయ్యవే."

మర్నాడు పొద్దున్న నోటి నిండా పేస్టు నురగతో మళ్ళీ అడిగింది. వంటింట్లోంచి విన్న అమ్మ స్టవ్ ఆపింది. ప్రార్థన అనలేదు, దీవెన అనలేదు. చేయి తుడుచుకుని హాస్పిటల్‌కు ఫోన్ చేసింది.

నేను చెప్పగలిగింది ఒక్కటే. ఈ ప్రశ్న మీ పిల్లలు రెండోసారి అడిగితే, 'నువ్వు మంచిదానివే' అని ఊరుకోబెట్టకుండా డాక్టరుకు చెప్పండి. డీనాకు సోమవారం అపాయింట్‌మెంట్. ఈలోగా దాని టిఫిన్ డబ్బా రోజూ నేనే తెరిచి చూస్తున్నాను. ఖాళీగానే వస్తోంది. లిఫ్టు దగ్గర పిల్లుల్నీ చూసొచ్చాను. సన్నగానే ఉన్నాయి.