కుర్చీల కింద మా బాబాయ్

"ఇది వెనక్కి పడితే?"

"పడదు."

"పక్కకి ఒరిగితే?"

"ఒరగదు."

"పాప కాళ్లతో బల్లని తన్నితే? తన్నుతుంది బాబాయ్, దాని కాళ్లు ఊరికే ఉండవు. అప్పుడు పడితే?"

అప్పటికే బాబాయ్ పిల్లల కుర్చీల షాపు నేల మీద వెల్లకిలా పడుకుని కుర్చీ కిందికి తల దూర్చేశాడు. బయటికి కనిపిస్తున్నవి రెండు కాళ్లూ, బొటనవేలి దగ్గర చిల్లు పడిన ఒక సాక్సూ మాత్రమే.

మా బాబాయ్‌కి ఉన్నది ఒకటే జబ్బు. కుర్చీ కనిపిస్తే తిరగేస్తాడు. "రండి, కూర్చోండి" అంటే మామూలు మనుషులు కూర్చుంటారు. ఈయన "ఉండండి" అని కుర్చీని ఎత్తి, నాలుగు కాళ్లూ పైకి పెట్టి, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, పిల్లికూన ఆడదో మగదో తేల్చేవాడిలా దాని అడుగంతా పరిశీలిస్తాడు. జేబులోంచి స్పానర్ తీసి ఏదో ఒక నట్టు బిగిస్తాడు. అప్పుడు కూర్చుంటాడు. ఈలోగా ఆ ఇంటివాళ్లు ఆయన్ని ఎందుకు పిలిచారో మరిచిపోతారు.

చేసిన ఉద్యోగం అలాంటిది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే సినిమా హాల్లో సీట్లు బాగుచేశాడు. ఎనిమిది వందల నలభై సీట్లు. ఆట నడుస్తుండగానే వరసల కింద పాకుతూ పనిచేసేవాడు కాబట్టి వేలకొద్దీ సినిమాలు విన్నాడు, ఒక్కటీ చూడలేదు. ఏ హీరో గొంతైనా ఇట్టే పట్టేస్తాడు. ఫొటో చూపిస్తే మాత్రం "ఎవరీ కుర్రాడు?" అంటాడు. సినిమా ఎలా ఉందని అడిగితే ఆయన దగ్గర కచ్చితమైన సమీక్ష ఉండేది.

"ఫైటింగులు అదిరాయి. మూడో వరసలోనే పదకొండు బోల్టులు వదులయ్యాయి. ఏడుపే తేలిపోయింది. ఒక్క సీటు కిర్రుమంటే ఒట్టు."

ఒకసారి పన్ను నొప్పని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

"నోరు తెరవండి" అన్నాడు డాక్టరు.

"మీ కుర్చీ ఎడమవైపు వాలుతోంది. గమనించారా?"

"నేను చూడాల్సింది మీ పన్ను."

"పన్ను ఎక్కడికి పోతుందండీ, నోట్లోనే ఉంటుంది."

పది నిమిషాల తర్వాత నేను లోపలికి తొంగి చూస్తే బాబాయ్ కుర్చీ కింద ఉన్నాడు. డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని ఆయనకి టార్చి పట్టుకున్నాడు. ఆ పూట పన్ను ఎలా వెళ్లిందో అలాగే ఇంటికి తిరిగొచ్చింది.

మా పెళ్లిలో అంతకన్నా ఘనకార్యం చేశాడు. ఫొటో కోసం కూర్చోబోతున్న మా ఆయన్ని "ఒక్క నిమిషం అల్లుడూ" అని పక్కకి జరిపి, అందరి ముందూ కుర్చీ తిరగేశాడు. మా ఆయన అది మా ఇంటి మర్యాదేమో అనుకుని, తిరగబడ్డ ఆ కుర్చీకి చేతులు జోడించి వంగి దండం పెట్టాడు. మా పెళ్లి ఆల్బంలో మొదటి ఫొటో అదే.

ఇక నా సంగతి. నేను ఒక ల్యాబులో ఆహార పదార్థాలు పరీక్షిస్తాను. కొలవనిదే నమ్మను. కొలిచాక కూడా ఇంకోసారి కొలుస్తాను. పాపకి ఆరు నెలలు నిండగానే పిల్లల డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. "మెడ నిలిపింది, ఆసరా ఇస్తే కూర్చుంటోంది, మీ చేతిలో చెంచా లాక్కుంటోంది. తినిపించడం మొదలుపెట్టండి."

"కుర్చీ ఇంకా కొనలేదండీ" అన్నాను.

అలా అని పన్నెండు రోజులైంది. ఈ పన్నెండు రోజుల్లో నేను పద్నాలుగు రకాల కుర్చీలకి ఇరవై రెండు గడుల పట్టిక వేశాను. కాళ్ల వెడల్పు, బెల్టుల సంఖ్య, పడిపోయే అవకాశం, అన్నింటికీ మార్కులు. ఏ కుర్చీకి ఎన్ని మార్కులొచ్చినా, కళ్లు మూసుకుంటే అందులోంచి పాప కింద పడుతూనే ఉండేది. అక్కడ పాపేమో మేం తింటుంటే ప్రతి ముద్దకీ తనూ నోరు ఆడించేది. వాళ్ల నాన్న భుజం చీకేసేది. చివరికి నా పట్టిక కాగితం అందుకుని ఒక మూల కొరికేసింది.

"దాని మొదటి భోజనం నీ పట్టికే అయ్యేలా ఉంది" అని మా ఆయన బాబాయ్‌కి ఫోన్ చేశాడు.

గంటలో బాబాయ్ షాపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. ఒక చేతిలో స్పానర్ల సంచి, ఇంకో చేతిలో ఉల్లిపాయల బస్తా.

"పాప బరువెంత?"

"ఏడు కిలోల ఆరువందల నలభై గ్రాములు."

"పాలు తాగకముందా, తాగాకా?"

నా జీవితంలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. "తాగాక" అన్నాను ఆనందంగా.

"నేను ఎనిమిది కిలోలు తెచ్చాలే. తినడం మొదలుపెడితే ఒళ్లు చేస్తుంది కదా."

నా పట్టికలో మొదటి స్థానం ఒక మహా కుర్చీది. చక్రాలున్నాయి, మీట నొక్కితే పాట పాడుతుంది, చూడటానికి రాకెట్‌లా ఉంటుంది. దాని కిందే బాబాయ్ ఇందాక తల దూర్చింది. పైకి లేచి, ఉల్లిపాయల బస్తాని అందులో కూర్చోబెట్టి బెల్టులు పెట్టాడు. షాపు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"సార్, అది చంటిపిల్లలు కూర్చునేది!"

"ఇదీ చంటిదేనయ్యా. ఇంకా నడవడం రాదు."

ఆ మాటంటూనే పాప తన్నే తన్ను ఎలా ఉంటుందో అలా కుర్చీకి ముందున్న చిన్న బల్లని అరచేత్తో ఒక్క తోపు తోశాడు. రాకెట్ వెనక్కి తిరగబడింది. పాట మొదలైంది. బస్తా మూతి ఊడి ఉల్లిపాయలు షాపు నాలుగు మూలలకీ పరుగులు తీశాయి. మా ఆయన చంకలో పాపతో వాటి వెంట పడ్డాడు. పాప కేరింతలు కొట్టింది. నెలలు నిండిన ఒకావిడ చెప్పుతో రెండు ఉల్లిపాయల్ని ఆపేసింది.

"చూశారా! పడింది! నేను చెప్పానా!" అని నేను గెంతాను. శాస్త్రం చదువుకున్నదాన్ని కదా, నా భయానికి మొదటిసారి రుజువు దొరికింది.

"పైన బరువెక్కువ, కాళ్లు దగ్గర దగ్గర" అని తేల్చాడు బాబాయ్. "తర్వాతది!"

రెండో కుర్చీకి కాళ్ల మధ్య పట్టీ లేదు. బస్తా బల్ల కిందినుంచి జారి మేనేజరు బూటు మీద దిగింది. మూడోదానికి అన్నీ సందులే. "మెత్తటి ముద్దలన్నీ ఇందులో కాపురం పెడతాయి. నువ్వు రోజూ పుల్లతో ఖాళీ చేయించాలి" అన్నాడు. అప్పటికి మా చుట్టూ గుంపు చేరింది. నెలలు నిండినావిడ "బాబాయ్‌గారూ, ఆ ఆకుపచ్చది కూడా ఓ చూపు చూడరూ" అని వరసే కలిపేసింది.

చివరికి మూలనున్న చెక్క కుర్చీని లాగాడు. నా పట్టికలో దానిది పదమూడో స్థానం. పాడదు, ముడుచుకోదు, ఒకటే రంగు. కానీ కాళ్లు బాగా ఎడంగా చాచుకుని నిలబడింది. పాప పాదాలు ఆనడానికి పీట ఉంది, కాళ్ల మధ్య పట్టీ ఉంది, నడుముకీ భుజాలకీ బెల్టులున్నాయి. బస్తా కూర్చుంది. బాబాయ్ తోశాడు, ఊపాడు, కుదిపాడు. ఉల్లిపాయ కదిలితే ఒట్టు. అప్పుడు ఆయన కుర్చీ కాలికి చెవి ఆనించి, నన్నూ ఆనించమన్నాడు.

"ఏమన్నా వినబడిందా?"

"ఏం లేదు బాబాయ్."

"అదీ! మంచి కుర్చీ మాట్లాడదు."

మేం కుర్చీ మోసుకుని బయటికొస్తుంటే మేనేజరు వెనకాలే వచ్చాడు, చేతిలో తన స్టూలుతో. "సార్, ఇది కూడా కాస్త..."

మర్నాడు ఆదివారం, పొద్దున పాప మొదటి భోజనం. ఉడికించి మెత్తగా మెదిపిన క్యారెట్. నా దగ్గర థర్మామీటరు, టైమరు, నోట్‌బుక్ సిద్ధంగా ఉన్నాయి. మా ఆయన కెమెరా పట్టుకున్నాడు. బాబాయ్ తన కుర్చీ తిరగేసి చూసుకుని కూర్చున్నాడు. పాపకి బెల్టు పెట్టాను. లాగి చూశాను. మళ్లీ లాగాను. చెంచా ముంచి, మూడోసారి బెల్టు లాగబోయాను, చెంచా కింద పడి దొర్లుకుంటూ కిటికీ దగ్గరున్న నా చేతుల కుర్చీ కిందికి పోయింది. రోజంతా పాపకి పాలిచ్చేది నేను అందులో కూర్చునే.

నేల మీద పడుకుని, జీవితంలో మొదటిసారి ఒక కుర్చీ కిందికి తల దూర్చాను.

దాని అడుగున సుద్దముక్కతో గీసిన టిక్కులు. ఒక్కొక్క దాని పక్కన ఒక తేదీ. మొదటిది మేం పాపతో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు. ఆ తర్వాతవన్నీ ఆదివారాలు. మొత్తం ఇరవై ఎనిమిది. ఆదివారం ఆదివారం బాబాయ్ టీ తాగిపోదామని వచ్చేవాడు, వచ్చీ రాగానే ఆ కుర్చీ తిరగేసేవాడు, నేను "పోయిన వారమేగా చూశావు!" అని విసుక్కునేదాన్ని.

"ఇవేంటి బాబాయ్?" అన్నాను కుర్చీ కిందినుంచే.

"ఏం లేదమ్మా. ఊరికే, గుర్తుకోసం."

"వారం వారం ఏం వదులవుతుందని?"

"ఒక్కసారీ వదులవలేదు."

"మరి?"

ఆయన కాసేపు స్పానర్‌ని అటూ ఇటూ తిప్పాడు. "నువ్వు పాలిస్తూ పాలిస్తూ అందులోనే కునుకు తీస్తావు కదా. నువ్వు నిద్రపోయినా కుర్చీ మేలుకొని ఉండాలి కదమ్మా."

ఇరవై రెండు గడుల పట్టిక వేశానని విర్రవీగాను. ఇరవై ఎనిమిది వారాల పట్టిక మీదే కూర్చుని ఉన్నానని నాకు తెలియదు. ఏదో ఒకటి అందామనుకునేలోగా పైన ఠప్పుమంది. లేచి చూస్తే పాప క్యారెట్ గిన్నెని బోర్లించేసి, రెండు చేతులతో పట్టుకుని, కనుబొమలు ముడిచి, దాని అడుగు వైపు దీక్షగా చూస్తోంది.

"మామయ్యగారూ, మీ పోస్టులోకి మనిషొచ్చింది" అన్నాడు మా ఆయన. పాప మూతి నిండా క్యారెట్. బాబాయ్ మొహం నిండా గర్వం.

నేను మాత్రం మళ్లీ బెల్టు మీదకే వెళ్లాను. ఆ తర్వాత టైమరు, థర్మామీటరు, నోట్‌బుక్. బాబాయ్ నా చేతిలోంచి నోట్‌బుక్ తీసుకుని మూసేశాడు. ఆయన ఆ పూట అన్న మాటనే ఇప్పుడు రోజూ మూడు పూటలా పాటిస్తున్నాను. కుర్చీని ఒక్కసారి కుదుపుతాను, బెల్టు ఒక్కసారి లాగుతాను, తర్వాత పాప ఎదురుగా కూర్చుంటాను.

"కూర్చోబెట్టే ముందు కుర్చీని చూడు, అమ్మడూ. కూర్చోబెట్టాక పాపని చూడు."