ఆమె వంతు రొట్టె

క్రైస్తవ సంఘంలో గురువుగా అభిషేకం పొంది నేను మొదట వెళ్లింది ఆళ్లగడ్డ గుడికి. అక్కడ ప్రభు బల్ల మీద పరిచే తెల్లగుడ్డను ఉతికి గంజి పెట్టే ఆమె, నా తొలి ప్రసంగం కాగానే అందరి ముందే అంది: "అయ్యగారూ, ఇంగ రొంత పొట్టిగా చెప్పప్పా. పొయ్యి మీద కూడు పెట్టొచ్చినా."

ఆనాటి డైరీలో ఆ ఒక్క మాటే రాసుకున్నాను. తర్వాత ఎన్ని ఊళ్లు మారినా ప్రసంగం పెంచలేదు.

పదవీ విరమణ చేసి ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నాను. మొన్న వేసవిలో ఆమె కూతురు ఫోన్ చేసింది.

"అమ్మ మంచం పట్టింది అయ్యగారూ. మీ చేత్తోనే రొట్టె, రసం తీసుకోవల్లంట. తొందరగా రాండి."

విరమించిన గురువు మరొకరి సంఘంలో, అక్కడి గురువు అనుమతి లేకుండా ఆ రొట్టె, రసం, అంటే ప్రభు సంస్కారం, ఇవ్వకూడదు. నేను పనిలో ఉన్నన్నాళ్లూ విరమించిన పెద్ద గురువులు నా విషయంలో ఆ మర్యాద తప్పలేదు. ఆళ్లగడ్డలో ఇప్పుడున్న చిన్న వయసు గురువుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పెట్టెలో గిన్నె, పళ్లెం, రొట్టె, ద్రాక్షరసం సర్దుకొని బస్సెక్కాను.

ఆమె నన్ను చూడగానే గుర్తుపట్టింది. "తెచ్చినావా?"

"తెచ్చినానమ్మా. మీ అయ్యగారి మాట కోసం చూస్తాండా."

"ఆయప్పకు నేను చెప్పుకుంటాలే. నువ్వు ఇయ్యి." నవ్వబోయింది, దగ్గు తెర కమ్మింది.

మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను. మధ్యలో కీర్తన ఎత్తుకున్నాను. ఆమె కొంతసేపు పెదవులు కదిపి, ఆపేసింది. ఎండ గడప దాటి మంచం కిందికి వచ్చాక ఫోన్ మోగింది.

"మీటింగులో ఉంటి అయ్యగారూ. మీరు గూడా నన్ను అడగల్నా? ఇయ్యండి."

సంస్కారపు ప్రార్థన క్రమంలో ఒక్క మాట విడవకుండా చదివి రొట్టెను పవిత్రపరిచాను. అప్పటికే ఆమెకు మింగుడు పడటం లేదు. చిన్న ముక్కను రసంలో తడిపి పెదవులకు తాకించాను. కూతురు తల ఎత్తి పట్టుకుంది.

"మింగు మా. నువ్వు అడిగిందే గదా."

రసం చెంప మీదుగా జారింది. ముక్క లోపలికి పోలేదు. కొంతసేపటికి ఊపిరి ఆగిపోయింది.

పవిత్రపరచినదాన్ని పారవేయకూడదు. మిగిలింది గురువే తీసుకోవాలి. ఆమె పెదవుల మీద ఆగిన ముక్కను వేళ్లతో తీసి నోట్లో వేసుకున్నాను.

కూతురు నన్నే చూస్తోంది. "అమ్మకు అందినట్టేనా అయ్యగారూ?"

మనసారా కోరుకుంటే అందినట్టేనని మా బోధ. ఎందరి మంచాల పక్కనో నేను చెప్పిన మాటే అది.

"అందిందమ్మా" అన్నాను. రొట్టె ఇంకా నా నోట్లోనే ఉంది.