అందిందనే మామయ్యగారు

ఎవరే మాటన్నా దాన్ని తిరిగి వాళ్లకే అప్పజెప్పి, ఆ తర్వాత గానీ జవాబు చెప్పకపోవడం మామయ్యగారి అలవాటు. "మంచినీళ్లు కావాలా?" అని కోడలు అడిగితే, "మంచినీళ్లు కావాలా అన్నావు. అందింది. కావాలి," అంటారు. ఈలోగా దాహం దానంతటదే తీరిపోతుంది.

తప్పు ఆయనది కాదు. ముప్పై నాలుగేళ్లు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేశారు. పక్క స్టేషనువాళ్లు ఫోనులో చెప్పిన మాట పొల్లు పోకుండా వాళ్లకే తిరిగి వినిపించి, వాళ్లు ఔనన్నాకే రైలుకి దారివ్వాలి. రిటైరయ్యాక రైళ్లు ఆయన్ని వదిలేశాయి గానీ ఆయన రైళ్లని వదల్లేదు.

అలాంటి మనిషికి కోడలు చాటింగ్ నేర్పింది. కుండీల్లో మొక్కలు పెంచేవాళ్లు కబుర్లాడుకునే గది ఒకటి ఇంటర్నెట్‌లో ఉంటే, అందులో చేర్చింది.

"ఇక్కడ టైపు చేసి ఈ బాణం నొక్కండి మామయ్యగారూ, అప్పటికప్పుడు అందరికీ కనిపిస్తుంది."

"బాణం నొక్కితే కనిపిస్తుందన్నావు. అందింది. కనిపించిందని వాళ్లు చెప్పాలిగా?"

"చెప్పరండీ. చూస్తారంతే."

"చూశారని మనకెలా తెలుస్తుంది?"

కోడలు వంటింట్లో ఏదో మాడుతోందని వెళ్లిపోయింది. నిజానికి పొయ్యి వెలిగించనేలేదు.

రెండు వారాలు తిరిగేసరికి గదిలో గగ్గోలు. ఒకాయన "మొక్కకి ఎండ తగలాలి" అంటే, "'ఎండ తగలాలి' అందింది. అందిందని నేనన్నది మీకు అందిందా?" అని ఈయన. గదికి పెద్ద ఒక నర్సరీ యజమాని. ఓపికపట్టి పట్టి చివరికి, "తాతగారూ, ఇంకొక్కసారి అందింది అన్నారంటే తీసేస్తాను," అన్నాడు.

"'తీసేస్తాను' అందింది," అని కొట్టారు మామయ్యగారు.

కోడలు పరుగున వచ్చి బతిమాలితే ఆ పూటకి వదిలేశాడు. రిటైరయ్యాక ఆయన ఇష్టంగా వెళ్లి కూర్చునే చోటు ఆ కంప్యూటరు బల్ల ఒక్కటే. అదీ పోతే మళ్లీ గోడ చూస్తూ కూర్చుంటారని ఆమె దిగులు.

మర్నాడు పక్కనే కాపలా కూర్చుంది. గదిలో మాటలు జోరుగా పరిగెడుతున్నాయి. మధ్యలో ఎవరో కొత్తామె, "నా గులాబీ వాడిపోతోంది, ఏం చెయ్యాలి?" అంది. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి, "ఇది ఎవరికైనా కనిపిస్తోందా?" అంది.

మామయ్యగారి వేళ్లు లేచాయి.

"వద్దండీ, తీసేస్తారు."

"తీసేస్తే తీసేశారు. మొదటిరోజు నేనూ ఇలాగే నిమ్మమొక్క సంగతి అడిగానమ్మా. గంటసేపు కూర్చున్నాను. ఒక్కరూ పలకలేదు. నాకే నొక్కడం రాలేదనుకున్నాను."

"'కనిపిస్తోందా' అందింది. కనిపిస్తున్నారమ్మా," అని గదిలో కొట్టేశారు.

కోడలు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. తెరిచేసరికి ఎవరో, "నాకూ ఇక్కడ మొదట పలికింది ఈ తాతగారే," అన్నారు. "నాకూ," అన్నారు ఇంకొకరు. వరసగా తొమ్మిది మంది తేలారు.

ఆ వెనకే గది పెద్ద మాట కనిపించింది. "తాతగారూ, కొత్తవాళ్లకి వేరే గది తెరుస్తున్నాను. దానికి మీరే పెద్ద. ఇక్కడ మాత్రం మమ్మల్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి."

కోడలికి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ మాట చెబుదామని పక్కకి తిరిగితే కుర్చీ ఖాళీ. మామయ్యగారు లోపల అద్దం ముందు నిలబడి ఇస్త్రీ చొక్కాకి గుండీలు పెట్టుకుంటున్నారు.

"ఎక్కడికండీ?"

"ఎక్కడికీ కాదమ్మా. కొత్తవాళ్లొస్తారు కదా, బనీనుతో కూర్చుంటే ఏం బాగుంటుంది?"